నిండుకుంది

ఆయమ్మకు చీకటంటే భయం లేదు. రోగమంటే భయం లేదు. ఏ పూట ఏ మంచం ఖాళీ అవుతుందో తెలియని వృద్ధుల నిలయంలో ఏళ్ల తరబడి పక్కలు సర్ది, వీపులు తుడిచి, వణికే చేతులకు గ్లాసులు అందించిన ఆ మనిషికి మృత్యువు కొత్త ముఖమేమీ కాదు. పక్కింటి చుట్టంలా వస్తూ పోతూ కనబడుతూనే ఉంటుంది. ఆమె భయమంతా మాటను గురించి. నోరు జారిన చెడ్డమాటకు ఆకాశమార్గాన పోయే దేవతలు తథాస్తు పలుకుతారని చిన్ననాడు విన్నది, విన్నదానిని నమ్మింది, నమ్మినదానిని నాలుక చివర ముడివేసుకుంది. అందుచేత ఆమె ఇంట దీపం ఆరదు, కొండెక్కుతుంది. చేతి గాజు పగలదు, పెరుగుతుంది. డబ్బాలో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. గడప దాటేవారెవరూ పోరు, వెళ్ళివస్తారు.

అటువంటి మనిషికి ఆ సోమవారం నాడు చెవికి తగిలించుకొనే గొంతు ఒకటి ఇచ్చారు.

మేనేజరమ్మ ఆయాలందరినీ భోజనాల హాలులో వరుసగా నిలబెట్టి, అట్టపెట్టెలోంచి తలకొక హెడ్‌సెట్ తీసి పంచింది.

"ఇకమీదట సిలిండర్ కావాలన్నా, దుప్పటి కావాలన్నా వార్డు వదిలి వెనక బిల్డింగుకి పరుగులు పెట్టక్కర్లేదు. ఈ బటన్ నొక్కి చెప్పండి. స్టోరులో కొత్తగా చేరినాయన తెచ్చిస్తాడు. మనిషి మంచం దగ్గరుండాలి, మాట స్టోరుకెళ్ళాలి. అంతే."

ఆయమ్మ బటన్ నొక్కింది. "చెప్పండి" అని ఒక మగగొంతు సరిగ్గా చెవితమ్మె మీద కూర్చుని పలికినట్టు వినిపించేసరికి ఉలిక్కిపడి వెనక్కు తిరిగింది. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"గోడలో ఉన్నాడనుకున్నావా అక్కా?" అని లాండ్రీ ఆమె పకాలున నవ్వింది.

ఆయమ్మ నోరు తెరిచింది గానీ మాట పెగలలేదు. చెప్పండి, హలో, ఎవరూ అని గొంతు అడుగుతూనే ఉంది. ఆమె హెడ్‌సెట్ తీసి, పాముపిల్లను దించినంత జాగ్రత్తగా బల్లమీద దించింది.

"ఈ వారమంతా గడువిస్తున్నా," అన్నది మేనేజరమ్మ ఆమెనే చూస్తూ. "అలవాటు పడనివాళ్ళని లాండ్రీకి మార్చాల్సొస్తుంది. తర్వాత నన్ననుకోవద్దు."

లాండ్రీకి మారితే ఆరో గది దూరమవుతుంది.

ఆరో గదిలో ఉండేది స్టేషన్ మాస్టారు. ఉద్యోగం విరమించి చాలా కాలమైనా, కిటికీ అవతల ఎక్కడో రైలు కూత వినిపిస్తే గోడ గడియారం వంక చూసి, "ఆలస్యం" అనో, "ఫరవాలేదు" అనో ఇప్పటికీ తీర్పు చెబుతారు. ఆయన ముక్కు కింద సన్నని గొట్టం. దాని రెండవ కొస తలాపున నిలబెట్టిన ఆక్సిజన్ సిలిండర్‌లోనికి. నడుమ ఒక నీళ్ల సీసా. ఆ సీసాలో బుడగలు గుడగుడమంటున్నంతసేపు ఆయమ్మకు ప్రపంచం సవ్యంగా ఉన్నట్టే. గదిలో ఏ పని చేస్తున్నా ఒక చెవిని ఆ చప్పుడుకు అప్పగించి ఉంచుతుంది.

ఆ పూట కూడా మాస్టారు వార్తాపత్రికను మధ్యకు విడదీశారు. రాజకీయాల సగం తన ఒడిలో పెట్టుకొని, ఆటల సగం మడిచి పక్కనున్న ఖాళీ కుర్చీ మీద ఉంచారు. కుర్చీ మీద అప్పటికే అటువంటి సగాలు దొంతరగా పేరుకొని ఉన్నాయి. పక్కగదిలో ఉండే, ఒకప్పుడు లైబ్రరీలో పనిచేసిన అమ్మగారు రోజూ ఆ కుర్చీలో కూర్చుని ఆటల పుటలు పైకి చదివేవారు. తన జట్టు ఓడితే ఆ రోజంతా ఎవరితోనూ సరిగా మాట్లాడేవారు కారు.

"ఏమ్మా, పక్కగదావిడ ఇంకా రాలేదా?"

"ఊరెళ్ళారు కదండీ. వచ్చేస్తారు."

కిందటి వారం తెల్లవారుజామున ఆ అమ్మగారికి ముఖం దాకా దుప్పటి కప్పి వెనక గేటు గుండా పంపివేశారు. "ఆరో గదికి తెలియనివ్వకండి. ఆయన ఊపిరి అసలే అంతంతమాత్రం. అడిగితే ఊరెళ్ళిందని చెప్పండి" అని మేనేజరమ్మ ఆజ్ఞ. ఆజ్ఞ లేకపోయినా ఆయమ్మ చెప్పగలిగేది కాదు. ఆ మాట తన నోట వెలువడిన మరుక్షణం సీసాలో బుడగలు నిలిచిపోతాయని ఆమె గుండెలో గట్టి భయం.

"ఊళ్ళో ఎవరున్నారు ఆవిడకి?" అని మాస్టారు పత్రిక మీదినుంచి చూపు తిప్పకుండానే అడిగారు.

ఆయమ్మ వినబడనట్టు, అప్పటికే సరిగా ఉన్న దిండును మరొక్కసారి సర్దింది.

"గొంతుకి భయమేంటత్తా? కరుస్తుందా?" అన్నది మేనకోడలు ఆ సాయంత్రం.

అన్నగారి కూతురు. ఇళ్ల పటాలు గీసే ఆఫీసులో ఉద్యోగం దొరికి మేనత్త ఇంట చేరింది. పగలంతా ఊరివారి ఇళ్లకు గోడలు గీసి, సాయంత్రం కాగానే చెవులకు పెద్ద హెడ్‌సెట్ తగిలించుకొని లేని కోటలకు గోడలు దూకుతుంది.

"కరవదులే. కానీ మనిషి ముఖం చూడకుండా ఏం మాట్లాడతామే? అవతలవాడు విసుక్కుంటున్నాడో, నవ్వుతున్నాడో, అసలు వింటున్నాడో లేదో ఎలా తెలుస్తుంది?"

"అయితే నీకు మందు నా దగ్గరుంది. రా, ఈ కుర్చీలో కూర్చో. ఈ ఆటలో అందరూ ముఖాల్లేనివాళ్ళే. నాలుగు సాయంత్రాలు మాతో తిరిగావంటే స్టోరాయన నీకో లెక్కలోకే రాడు. పైగా మా జట్టులో వైద్యం చేసేవాళ్ళు లేక చస్తున్నాం."

"ఆ మాటనకు. తథాస్తు దేవతలుంటారు."

"సరే, లేక ఇబ్బంది పడుతున్నాం. దేవతలకిది ఓకేనా?"

తెర మీద బొమ్మలు వరుసగా నిలబడ్డాయి. గొడ్డలివాడు, విలుకత్తె, నిప్పులు విసిరేవాడు, నీడలో నడిచి వెన్నులో పొడిచేవాడు. చిట్టచివర చేత చిన్న దీపం పట్టుకున్న ఒక స్త్రీ. మిగిలినవారి చేతులలో ఉన్నవి చూసి ఆయమ్మ వేలు దీపం దగ్గరే ఆగిపోయింది. యంత్రం పేరు అడిగింది. నా పేరు దానికెందుకని ఆమె మొండికేస్తే, మేనకోడలు 'అత్త' అని కొట్టింది. ఆ పేరు ఇదివరకే ఒకరు తీసుకున్నారని తెర చెప్పింది.

"చూశావా, లోకంలో ఇంకో అత్త మనకంటే ముందే దిగిపోయింది."

"దిగదా మరి. అత్తల్లేని చోటెక్కడుందే" అన్నది ఆయమ్మ, భయంలోనే కొంచెం నవ్వు వచ్చి. చివరకు 'దీపమత్త' అని కుదిరింది.

దీపమత్త ఒక పచ్చికబయలులో కళ్లు తెరిచింది. ఎడమచేతి వేళ్లు నాలుగు మీటల మీద, కుడిచేయి మౌస్ మీద. కాలికీ చేతికీ పొత్తు కుదరక, దీపమత్త చాలాసేపు ఒక గోడకు ముఖం ఆనించి అక్కడికక్కడే నడిచింది. ఎట్టకేలకు గోడ వదిలి, గడ్డం పెంచిన ఒక ముసలాయన ముందుకు వెళ్లి నిలబడింది. అడవి అంచున పుట్టగొడుగులు కోసుకురమ్మని ఆయన మాటలు తెర మీద వెలిశాయి.

"అలాగేనండి," అన్నది ఆయమ్మ, మైకు నోటికి దగ్గరగా జరుపుకొని. జవాబు కోసం ఆగింది.

మేనకోడలు కుర్చీలో వంకర్లు తిరిగి నవ్వింది. "ఆయన మనిషి కాదత్తా. మీట నొక్కితే అదే మాట మళ్ళీ అంటాడు. ఎన్నిసార్లు నొక్కినా అంతే."

"పెద్దాయన్ని నొక్కడమేంటే, తప్పు."

తెర పైభాగాన రెండు గీతలు ఉన్నాయి. ఎర్రది ప్రాణం. నీలిది శక్తి, వైద్యం చేసినకొద్దీ నీలం తరుగుతుంది. ఈ సంగతి మాత్రం ఆయమ్మకు రెండవసారి చెప్పవలసిన పని లేకపోయింది. సిలిండర్ మీటరులో ముల్లు దిగినట్టే నీలం దిగుతుంది. ఆమె చూపు దాన్ని అంటిపెట్టుకొని ఉండిపోయింది.

అడవి అంచుకు పోవాలంటే వంతెన దాటాలి. వంతెన నడుమ నల్ల కవచం తొడిగిన ఆకారం ఒకటి కదలక మెదలక నిలబడి ఉంది. చెవిలో తన అడుగుల చప్పుడు, కింద నీటి చప్పుడు. ఇతడు కూడా మీట నొక్కితే మాట్లాడే ముసలాయనవంటి వాడే కాబోలుననుకొని దీపమత్త దగ్గరకు నడిచింది.

"అత్తా, ఆగు. వాడు నిజం మనిషి. కొత్తగా వచ్చినవాళ్ళని నరకడమే వాడికి సరదా..."

కత్తి లేచింది. ఎర్రగీత ఒక్క వేటుకు మాయమయింది. తెరలోని పచ్చదనమంతా బూడిదరంగు తిరిగి, దీపమత్త వంతెన మీద బోర్లా పడి ఉంది. నల్ల కవచం ఆమె చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మళ్లీ తన స్థానంలో నిలబడింది. ఆయమ్మ చేయి ఆమెకు తెలియకుండానే గుండెలమీదకు పోయింది. అక్కడ కొట్టుకోవలసినది కొట్టుకుంటూనే ఉంది; మామూలుకంటే ఎక్కువగా.

ఇంతలో చెవిలో కొత్త గొంతు ఒకటి పలికింది. జట్టులో గొడ్డలి పట్టేవాడు. వాడిని అందరూ గొడ్డలి అనే పిలుస్తారు. "అత్తగారూ, మీకోసమే వస్తున్నాం. ఎక్కడున్నారు? ఏమైంది?"

ఆయమ్మ గొంతు తడి చేసుకున్నది. జరిగినదానికి ఉన్న పేరు ఒక్కటే. ఆ పేరు ఆమె పలకదు.

"దీపం కొండెక్కింది బాబూ."

"కొండా? ఏ కొండ? మ్యాపులో కొండ లేదే." కాసేపటికి మళ్లీ: "నత్తా, నీకేమన్నా కొండ కనిపించిందా?"

నత్త అనే మూడవ గొంతు నిదానంగా పలికింది. "ఉత్తరాన ఓ గుట్ట ఉంది. చూసొస్తా."

వాళ్లిద్దరూ దీపమత్తను గుట్టల వెంట వెతుకుతుండగా, దీపమత్త వంతెన మీద బూడిదరంగులో పడి ఉంది. మేనకోడలు బల్లమీద తల వాల్చి నవ్వుతున్నది. ఆయమ్మకు మాత్రం నవ్వు రాలేదు. తాను ఒక చోట పడి ఉండడం, ఆప్తులు మరొక చోట వెతకడం చూస్తుంటే అరికాళ్లు చల్లబడ్డాయి.

అయినా మరుసటి సాయంత్రం తనంత తానే ఆ కుర్చీలో కూర్చుంది. పుట్టగొడుగులు కోసింది. కప్పలను చంపమంటే, ఆ పని మీరే చేయండి, మీకు దెబ్బ తగిలితే నేను చూసుకుంటానని ఒప్పందం చేసుకున్నది. ముఖం లేని గొంతులకు ఆమె మనస్సు ముఖాలు అతికించుకున్నది. గొడ్డలి ఊపిరి ఎగబోస్తే భయపడుతున్నాడని, నత్త మాట మానేస్తే ఏదో తింటున్నాడని గుర్తుపట్టసాగింది. దెబ్బ తగిలినవాడి మీద రెండవ మీట నొక్కితే దీపంలోంచి ఒక వెలుగు తీగ సాగి వాడి గాయం మాన్పేది. ఆ క్షణాన ఆమె ముఖం, జ్వరం దిగిన నుదుటిని తాకి చూసినప్పటి ముఖంలా ఉండేది.

దాని ఫలితం వార్డులో కనిపించింది. మొదట దుప్పటి అడిగింది, వచ్చింది. తరువాత దూది అడిగింది, వచ్చింది. స్టోరు గొంతుకు 'నాయనా' అని పేరు పెట్టుకున్నది.

బుధవారం మధ్యాహ్నం నాలుగో గదిలో కొత్త పెద్దావిడ చేరింది. రాగానే ఆయాసం. ఆరో గది మూలన ఎప్పుడూ తోడుగా నిలిచి ఉండే రెండవ సిలిండర్‌ను అక్కడికి దొర్లించుకుపోయారు. పొద్దు వాలి డ్యూటీ దిగే వేళకు ఆయమ్మ మాస్టారి మీటరు చూసింది. ముల్లు ఎర్ర అంచును తాకుతున్నది. ఇంకొక రెండు మూడు గంటలకు మించి రాదు. ఆమె తడుముకోకుండా బటన్ నొక్కింది.

"నాయనా, ఆరో గదిలో సిలిండర్ నిండుకుంది."

"నిండుకుందా? సరే అమ్మా, మంచిది," అన్నది గొంతు.

ఎంత మర్యాదగా పలికాడనుకున్నది ఆయమ్మ. తన మాటలోనూ ఒక్క తడబాటు లేదు, తాను ఒక్కసారి వెనక్కు తిరిగి చూడలేదు. సాయంత్రం డ్యూటీ ఆయా నాలుగో గది వాకిట ఎదురైతే, "ఆరో గది సంగతి స్టోరుకి చెప్పేశానే, నువ్వు ఈవిణ్ణి చూసుకో" అని హెడ్‌సెట్ కొక్కేనికి తగిలించి, తలెత్తుకొని ఇంటికి నడిచింది.

ఆ సాయంత్రం జట్టు గుహలోకి దిగింది.

అప్పటివరకు తిరిగిన మైదానాలు వేరు, ఈ గుహ వేరు. రాతిగోడల మీద నీటి చారలు, ఎక్కడో ఒక గొలుసు ఈడ్చుకుపోతున్న చప్పుడు. ముగ్గురి ఊపిరులు ఆయమ్మ చెవులలో ఒకదానిమీద ఒకటి ఒరుసుకుంటున్నాయి. గుహ నడిబొడ్డున రాతి ఎద్దు ఒకటి పడుకొని ఉంది. గొడ్డలి ఎదురు నిలవాలి, మేనకోడలు బాణాలు వేయాలి, నత్త నిప్పులు విసరాలి, దీపమత్త వెనక నిలబడి అందరినీ నిలబెట్టాలి.

ఎద్దు లేచింది. ఆయమ్మ భుజాలు చెవులదాకా ఎగిశాయి. రెండవ మీట, మళ్లీ రెండవ మీట. గొడ్డలి ఎర్రగీత తరగడం, తాను నింపడం, తరగడం, నింపడం. నీలం సన్నబడింది. దారంలా అయింది. ఎద్దు వెనక్కు తగ్గి, కొమ్ములు దించి, కాలితో రాతిని గీరుతున్నది.

"అత్తగారూ, నేను మీదికి దూకనా, వెనక్కి రానా? మీ నీలం ఎంతుంది?"

"నిండుకుంది బాబూ."

"నిండుకుందా? అయితే దూకుతున్నా."

మేనకోడలు "ఆగాగు" అనేలోపే గొడ్డలి ఎద్దు కొమ్ముల నడుమకు దూకాడు. ఆయమ్మ మీట నొక్కింది. వెలుగు రాలేదు. మళ్లీ నొక్కింది. గొడ్డలి ఎర్రగీత తుడిచివేసినట్టు పోయింది. ఎద్దు నత్తను తొక్కి, విలుకత్తెను కుమ్మి, నిదానంగా దీపమత్త వైపు తిరిగింది. గుహ నాలుగు మూలలా బూడిదరంగు కమ్మింది.

"అత్తగారూ," అన్నాడు గొడ్డలి, "మందు పడలేదేంటండీ?"

"ఎక్కడ పడుతుంది బాబూ, నిండుకుందన్నాను కదా."

"నిండుకుంటే పడాలి కదా."

"నిండుకుంటే ఎలా పడుతుంది?"

"మీరిద్దరూ ఒకే మాట పట్టుకుని కొట్టుకుంటున్నారు," అన్నాడు నత్త.

మేనకోడలికి నవ్వు ఆగడం లేదు. "ఒరేయ్, అత్త భాషలో నిండుకుందంటే అయిపోయిందని. నాకు తెలుసు గానీ, చెప్పేలోపే దూకేశావు."

"అదెక్కడి భాష? మా ఇంట్లో అయిపోతే అయిపోయిందంటాం. నిండుకుందంటే ట్యాంకు నిండినట్టే కదా ఎవరికైనా. అయిపోయినదాన్ని పట్టుకుని నిండిందనడమేంటండీ, మనుషుల్ని చంపడానికి కాకపోతే."

వాడు హాస్యానికే అన్నాడు. మేనకోడలు ఇంకా నవ్వుతూనే ఉంది. ఆయమ్మ వేళ్లు మాత్రం మీటల మీద బిగుసుకుపోయాయి. చెవిలో మరొక గొంతు, స్టోరు గొంతు, మళ్లీ పలికింది. నిండుకుందా? సరే అమ్మా, మంచిది.

మంచిది.

సిలిండర్ అయిపోయిందని వింటే మంచిదని ఎవరంటారు?

"అత్తా, ఏమైంది? ముఖమేంటి అలా..."

"ఫోను చెయ్యి. నిలయానికి ఫోను చెయ్యి," అంటూనే ఆయమ్మ లేచింది. హెడ్‌సెట్ తీగ కుర్చీకి చుట్టుకొని వెనక్కు లాగితే తెంపుకొన్నంత విసురుగా వదిలించుకుంది. మేనకోడలు చెవికి ఫోను ఆనించి, ఎంగేజ్ అన్నట్టు తల అడ్డంగా ఊపింది. "చేస్తూనే ఉండు. ఆరో గదిలో చూడమను." అప్పటికే ఆమె మెట్లు దిగుతున్నది.

రెండు వీధుల దూరం. ఇస్త్రీ దుకాణంలో బొగ్గుల పెట్టె ఎర్రగా ఉంది. మందుల షాపు ముందు సైకిళ్ల వరుస దారికి అడ్డం. పరుగెత్తడం ఆమె ఒళ్లు మరచిన విద్య. ఒక చెప్పు ఎక్కడో జారిపోయింది. దేవుడా, ఆయన్ని చల్లగా చూడు అని మొక్కుకొని, చల్లదనం అనగానే ఏది గుర్తుకురాకూడదో అదే గుర్తుకువచ్చి నాలుక కరుచుకుంది. ఇన్నాళ్లూ తాను మెత్తటి గుడ్డలో చుట్టి దాచిన మాటలన్నీ ఒక్కసారిగా అడుగున ఉన్న అంచులు చూపించసాగాయి. నోట వచ్చిన మాటకే దేవతలు తథాస్తు అంటారనుకున్నది. రాని మాటకు కూడా అంటారా?

వెనక బిల్డింగు ముందు కుళాయి దగ్గర ఒక మనిషి టీ గ్లాసు కడుగుతున్నాడు. కణతల దగ్గర జుట్టు నెరిసినవాడు. తాను నాయనా అని పిలుస్తున్నది ఇతడినేనా?

"మీరేనా స్టోరు?"

"అవునమ్మా. ఏంటి, ఏమైంది?"

ఆయమ్మ ఊపిరి అందుకున్నది. మాట నాలుక చివరి దాకా వచ్చి, అక్కడి పాత ముడిని తగులుకొని ఆగింది. రాతి ఎద్దు కొమ్ములు దించిన క్షణం కళ్లముందు మెదిలింది.

"అయిపోయింది," అన్నది. "ఆరో గదిలో ఆక్సిజన్ అయిపోయింది."

అతని చేతిలోని గ్లాసు కుళాయి కిందే ఉండిపోయింది. "నిండుకుందన్నారు కదమ్మా. ఆరో గదిది నిండుగా ఉందని, బండి మీదున్న సిలిండర్ కూడా నాలుగో గదికే తోలేశాను..." చెబుతూనే లోపలికి పరుగెత్తి సిలిండర్ బండి బయటకు లాగాడు. చక్రాలు వరండా గచ్చు మీద గడగడలాడాయి.

ఆరో గదిలో దీపం వెలుగుతున్నది. మాస్టారు దిండ్లకు చేరగిలబడి కళ్లు మూసుకొని ఉన్నారు. గడియారం చప్పుడు వినిపిస్తున్నది. గడియారం చప్పుడు ఆ గదిలో అంత స్పష్టంగా ఆమె ఎన్నడూ వినలేదు. సీసాలోని నీటిలో ఒక్క బుడగ లేచింది. చాలాసేపటికి మరొకటి. తరువాత ఏమీ లేదు.

ఆమె మాస్టారి ముంజేయి పట్టుకున్నది. నాడి ఉంది, తొందరగా ఉంది. పెదవులు నేరేడు రంగుకు తిరిగాయి. స్టోరాయన పాత సిలిండర్ మూత తిప్పి బిగించాడు. మీటరు విప్పుతుంటే స్పానరు రెండుసార్లు జారింది. "నిదానంగా" అన్నది ఆయమ్మ. కొత్త సిలిండర్ మూత ఒక్క క్షణం వదులు చేస్తే బుస్సుమని దుమ్ము కొట్టుకుపోయింది. ఆమె చేత్తో వాషరు తడిమి చూసి మీటరు కూర్చోబెట్టింది. అతడు బిగించాడు. మూత తిరిగింది. ముల్లు నిద్రలోంచి ఉలిక్కిపడి లేచినట్టు పైకి లేచింది. సీసాలో నీరు మొదట గొణిగి, తరువాత గుడగుడలాడింది.

వాకిట సాయంత్రం ఆయా నోటికి చేయి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది. మాస్టారి పెదవుల మీద నేరేడు రంగు మెల్లమెల్లగా వెలిసిపోయే వరకు ముగ్గురూ ఆ చప్పుడే వింటూ ఉండిపోయారు.

బయటకు వచ్చాక స్టోరాయన వరండా స్తంభాన్ని ఆనుకున్నాడు.

"మీరు నన్ను నాలుగు తిట్టండమ్మా. ఊరికే నిలబడితే భయమేస్తోంది."

"మాట నాదండీ," అన్నది ఆయమ్మ. "మీ చెవి తప్పేముంది?"

మరునాటి ఉదయం మేనేజరమ్మ అందరినీ మళ్లీ వరుసగా నిలబెట్టింది. లాండ్రీ మాట ఎత్తలేదు. గొంతులో నిన్నటి భయం ఇంకా తడిగానే ఉంది.

"ఇకమీదట ఖాళీ అంటే ఖాళీ, ఫుల్ అంటే ఫుల్. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అలంకారాలొద్దు." వెళ్లబోతూ వెనక్కు తిరిగింది. "అన్నట్టు, ఆరో గదాయన పక్కగదావిడ గురించి అడిగితే మాత్రం ఊరెళ్ళిందనే చెప్పండి. నిన్నటి దెబ్బకి అసలే నీరసంగా ఉన్నాడు."

ఆయమ్మ పత్రిక తీసుకొని ఆరో గదికి వెళ్లింది. ముందు సీసా వంక చూసింది, తరువాత ముల్లు వంక, తరువాతనే మనిషి వంక.

"నిన్న నాకోసం పరుగెత్తుకొచ్చావటగా," అన్నారు మాస్టారు. "అదీ ఒంటి చెప్పుతో."

ఆయమ్మ జరిగింది చెప్పింది. దీపమత్తను, గొడ్డలిని, రాతి ఎద్దును కూడా చెప్పింది. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వారు. "మా ఉద్యోగంలో నువ్వు లేకపోవడం మంచిదైందమ్మా. లైను నిండుకుందని చెప్పుంటే, విన్నవాడు ఖాళీ అనుకుని, రెండు బళ్ళు ముద్దెట్టుకునేవి."

ఆమె కూడా నవ్వింది. ఆయన పత్రిక అందుకొని మధ్యకు విడదీశారు. ఆటల సగం మడత పెట్టి, అంచులు గోటితో రుద్ది, కుర్చీ మీది దొంతరపై ఉంచారు. అది జారకుండా అరచేయి ఒక క్షణం దానిమీదే ఆనించి ఉంచారు.

"ఏమ్మా, పక్కగదావిడ ఇంకా రాలేదా?"

ఆయమ్మ చేతులు అలవాటుగా దిండు వైపు పోయాయి. దిండు సరిగానే ఉంది. వంతెన మీది నల్ల కవచం ముందు గాని, గుహలో గాని, నిన్నటి వీధిలో గాని ఆమె ఇంత భయపడలేదు. చెప్పవద్దన్న ఆజ్ఞ చెవిలో ఉంది. చెబితే ఆగిపోతాయనుకున్న బుడగలు కళ్లముందున్నాయి. ఆమె కుర్చీ మీది కాగితాల దొంతర ఎత్తి ఒడిలోకి తీసుకొని, ఆ కుర్చీలో కూర్చున్నది. అందులో ఆమె ఎన్నడూ కూర్చోలేదు.

"రారండీ," అన్నది. "ఆవిడ చనిపోయారు. కిందటి వారం, తెల్లవారుజామున. నిద్రలోనే."

ఆ మాట గదిలో నిలబడింది. ఆయమ్మ సీసానే చూస్తున్నది. బుడగలు లేస్తూనే ఉన్నాయి. ఒకదాని వెనక ఒకటి, ఏమీ విననట్టు.

మాస్టారు కిటికీ వైపు చూస్తూ ఉండిపోయారు.

"వెనక గేటుకి నూనె వెయ్యరమ్మా వీళ్ళు. తీస్తే మూలుగుతుంది. ఆ వేళప్పుడు దాన్ని ఎందుకు తీస్తారో నాకు తెలీదా?"

ఆయమ్మకు ఒడిలోని కాగితాలు బరువెక్కాయి. "మరి రోజూ ఎందుకు అడిగారండీ?"

"బండి వెళ్ళిపోయిందని ఎవరో ఒకరు వచ్చి చెప్పాలి. చెప్పకపోతే ప్లాట్‌ఫారం మీద కూర్చున్నవాడు ఇంటికి పోడు. వాడికి తెలిసినా పోడు. కూర్చునే ఉంటాడు." ఆయన కళ్లద్దాలు తీసి దుప్పటి అంచుతో తుడిచి, తుడవడం అయ్యాక కూడా పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. "నువ్వు చెప్పావు. మంచిది."

దూరాన రైలు కూసింది. ఆయన గడియారం వంక చూడలేదు.

"ఇవి తీసెయ్యనాండీ?" అని ఆయమ్మ దొంతర వంక చూపింది.

"వద్దు. అడుగునుంచి ఒక్కొక్కటే చదువు. ఆవిడ జట్టు ఏమైందో చూద్దాం. చివరి ఆట మిగిలుండగా వెళ్ళి... చనిపోయింది కదా."

ఆయమ్మ అడుగున ఉన్న కాగితం లాగి, మడత విప్పి, వేలు పెట్టి ఒక్కొక్క పంక్తి వెతికింది. ఆటల భాష ఆమెకు కొత్త. అయినా కొత్త ఆట నేర్చుకోవడం ఆమెకిప్పుడు మొదటిసారి కాదు. కావలసిన పంక్తి దొరికింది. చదువుకొని, తలెత్తింది. ఆయన ఎదురుచూస్తున్నారు. గెలుపు అందలేదండీ అనే మెత్తటి మాట ఒకటి నాలుక మీద సిద్ధంగానే ఉంది.

"ఓడిపోయిందండీ," అన్నది.

"అనుకున్నా," అన్నారు మాస్టారు, కళ్లద్దాలు పెట్టుకుంటూ. "ఉంటే ఈవేళ ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఊఁ, తర్వాతది చదువు."